హెరిటేజ్ ఫౌండేషన్ : నాయకత్వమూ, రాజకీయ పలుకుబడీ – ఒక పరిశీలన

2025 అక్టోబరులో మా ఎం.ఏ. రెండో సంవత్సరం రాజనీతిశాస్త్రం సెమినారులో నేనొక పత్రం చదివాను. అమెరికా ప్రభుత్వ విధానాలలో థింక్‌టాంకుల పాత్ర అన్నది విషయం. "వాషింగ్టన్‌లోని హెరిటేజ్ ఫౌండేషన్ అనే సంస్థ తెరవెనుక నుండి అమెరికాను పరిపాలిస్తున్నది" అని మొదటి వాక్యంలోనే బల్లగుద్ది రాశాను. మిత్రులు చప్పట్లు కొట్టారు. మా మాష్టారు మాత్రం ఆ వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీసి, పక్కన "కాగితం ముందా, నిర్ణయం ముందా?" అని రాసి పత్రం తిరిగిచ్చేశారు. ఇంకొక్క మాట మాట్లాడలేదు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడానికి నాకు నెలలు పట్టింది. సావనీరుకు వ్యాసం కావాలని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, చప్పట్లు పడిన పాత పత్రం కాక, కొట్టివేతలతో నిండిన ఈ కొత్త పత్రమే ఇస్తానన్నాను.

ఆ మొదటి వాక్యంలో అంత ఆవేశం ఎందుకుందో చెప్పాలి కదా. మా అన్నయ్య డల్లాస్‌లో హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగేళ్ళ తర్వాత దసరాకని ఇంటికి వచ్చాడు. వచ్చి వారమైనా కాలేదు, సెప్టెంబరు 20, శనివారం తెల్లవారకముందే అతని ఫోను మోగడం మొదలుపెట్టింది. కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు, అంటే మన లెక్కలో సుమారు 88 లక్షల రూపాయలు, చెల్లించాలంటూ అధ్యక్షుడు ట్రంప్ ప్రకటన మీద సంతకం చేశాడు. ఆదివారం నుంచే అమలు. దేశం బయట ఉన్న ఉద్యోగులు వెంటనే తిరిగి రావాలని కంపెనీల నుంచి మెయిళ్ళ మీద మెయిళ్ళు. అమ్మ అరిసెలకని నానబెట్టిన బియ్యం నానబెట్టినట్టే ఉండిపోయాయి. కారు మాట్లాడుకుని శంషాబాద్ పరుగెత్తాం. అతను ఇంకా దారిలో ఉండగానే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి ఇది వర్తించదు, కొత్త దరఖాస్తులకు మాత్రమే అని అక్కడి ప్రభుత్వం వివరణ ఇచ్చింది. పండగా పోయింది, టిక్కెట్టు డబ్బులూ పోయాయి. ఆ వారంలోనే ఎవరో అన్నారు, "ఇదంతా ప్రాజెక్టు 2025 పుస్తకంలో ముందే ఉందట, హెరిటేజ్ వాళ్ళు రాశారట" అని. నేను నమ్మేశాను. నా సెమినారు పత్రం అలా పుట్టింది.

సరే, అసలు విషయానికి వద్దాం. థింక్‌టాంక్ అంటే ఏమిటి? విద్యార్థులు లేని విశ్వవిద్యాలయం అనుకోవచ్చు. పరిశోధకులుంటారు, గ్రంథాలయం ఉంటుంది, ఉపన్యాసాలు ఉంటాయి. పాఠాలు, పరీక్షలు ఉండవు. వాళ్ళ పాఠకుడు విద్యార్థి కాదు, శాసనసభ్యుడు. బ్రూకింగ్స్ సంస్థ మూలాలు 1916 నాటివి. అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్ 1938లో పుట్టింది. ఇవి లావుపాటి గ్రంథాలు ప్రచురించేవి. నెలలు, సంవత్సరాలు పట్టినా ఫరవాలేదు, సత్యం నిలకడమీద తేలుతుంది అన్న ధోరణి వారిది. ఆ ధోరణి నచ్చని ఇద్దరు యువకుల దగ్గర మన కథ మొదలవుతుంది.

వారు పాల్ వైరిక్, ఎడ్విన్ ఫ్యూల్నర్. ఇద్దరూ అమెరికా కాంగ్రెసులో సభ్యుల దగ్గర సహాయకులుగా పనిచేసేవారు. 1971 మార్చిలో, ధ్వనికన్నా వేగంగా పోయే ప్రయాణీకుల విమానం తయారీకి ప్రభుత్వం డబ్బివ్వాలా వద్దా అన్న విషయం మీద ఉభయసభల్లో ఓటింగు జరిగింది. సభలు వద్దన్నాయి. ఓటింగు అయిపోయిన తర్వాత, ఆ విమానం మంచిచెడ్డలన్నీ చక్కగా విశ్లేషించిన అధ్యయన పత్రమొకటి సభ్యుల బల్లలమీదికి చేరింది. పంపింది అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్. ఇంత మంచి పత్రం ముందే ఎందుకు పంపలేదని అడిగితే, ఓటింగును ప్రభావితం చేయడం మా ఉద్దేశం కాదు అన్న అర్థంలో జవాబు వచ్చిందని ఫ్యూల్నర్ తర్వాతి కాలంలో పదేపదే చెప్పుకునేవాడు. పెళ్ళి అయిపోయాక జాతకాలు చూసినట్టుంది కదా! కానీ ఆ సంస్థ భయానికీ ఒక కారణం ఉంది. 1964 ఎన్నికలలో బారీ గోల్డ్‌వాటర్‌కు ఆ సంస్థ పెద్దలు తోడ్పడ్డారు. ఆయన చిత్తుగా ఓడిపోయిన తర్వాత, పన్ను మినహాయింపు పొందుతూ రాజకీయాలు చేశారా అని ఆదాయపు పన్ను శాఖవారు విచారణ పెట్టారు. ఒకసారి కాలినవాడు నిప్పు దగ్గరికి పోడు.

వైరిక్, ఫ్యూల్నర్‌లకు అక్కడే ఒక ఖాళీ కనిపించింది. ఓటుకు ముందే చేరే కాగితం కావాలి. నా ఉద్దేశంలో హెరిటేజ్ ఫౌండేషన్ కనిపెట్టిన కొత్త సిద్ధాంతం ఏదీ లేదు. తక్కువ పన్నులు, చిన్న ప్రభుత్వం, బలమైన సైన్యం – ఇవన్నీ అంతకుముందు ఉన్నవే. అది కనిపెట్టింది వేళ.

వేళకు అందించాలంటే డబ్బు కావాలి. కొలరాడోకు చెందిన బీరు తయారీదారు జోసెఫ్ కూర్స్ మొదటి విడతగా 2,50,000 డాలర్లు ఇచ్చాడు. (సంప్రదాయ విలువల సంస్థకు బీరు డబ్బు పునాది కావడమేమిటని మా హాస్టలు మిత్రుడొకడు నవ్వాడు. నవ్వనీయండి.) 1971 ఆగస్టులో లూయిస్ పావెల్ అనే న్యాయవాది, తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయినవాడు, వాణిజ్యమండలికి ఒక రహస్య లేఖ రాశాడు. వ్యాపారవర్గం చేతులు ముడుచుకు కూర్చుంటే విశ్వవిద్యాలయాలలోనూ, పత్రికలలోనూ, న్యాయస్థానాలలోనూ దాని మాట చెల్లకుండా పోతుందన్నది ఆ లేఖ సారాంశం. కూర్స్‌ను కదిలించిన వాటిలో ఆ లేఖ ఒకటి. 1973 ఫిబ్రవరిలో హెరిటేజ్ ఫౌండేషన్ రిజిస్టరయింది. పిట్స్‌బర్గ్ ధనవంతుడు రిచర్డ్ మెలన్ స్కేఫ్ తర్వాత పెద్ద దాతగా చేరాడు.

మొదటి నాలుగేళ్ళలో అధ్యక్షులు వెంటవెంటనే మారారు. వైరిక్ కూడా ఎన్నికల రాజకీయాల మీద మక్కువతో బయటికి పోయాడు. 1977లో ఫ్యూల్నర్ అధ్యక్షుడయ్యాడు. అక్కడినుంచి 2013 దాకా, ముప్పయ్యారేళ్ళు, ఆయనే. హెరిటేజ్ నాయకత్వం గురించి రాయడమంటే ముక్కాలు భాగం ఈయన గురించి రాయడమే.

ఫ్యూల్నర్ వ్యాపార పరిపాలన చదివినవాడు. ఆయన పెట్టిన నియమాల్లో నాకు బాగా నచ్చింది చేతిసంచీ పరీక్ష. అంటే, విమానాశ్రయం నుంచి కాంగ్రెసు భవనానికి టాక్సీలో వచ్చేలోగా సభ్యుడు చదివి ముగించగలిగినంతే ఉండాలి ఒక పత్రం. అంతకన్నా పొడుగైతే చేతిసంచీలోనే నిద్రపోతుంది. అంచేత పది పేజీలు, మొదటి పేజీలోనే సారాంశం, ఓటింగుకు ముందు మనిషిచేత చేరవేత. కార్యాలయం కూడా సెనేటు భవనాలకు నడిచిపోయేంత దూరంలోనే పెట్టారు. సబ్బులూ, టూత్‌పేస్టూ అమ్మే కంపెనీ తన సరుకును రోజూ కొనేవాడి కళ్ళముందు ఉంచినట్టే ఆలోచనను కూడా రోజూ కొత్తగా అమ్ముతూ ఉండాలని ఆయన బాహాటంగానే చెప్పేవాడు. మన అధ్యాపకులు వింటే ముక్కుమీద వేలేసుకుంటారు. కానీ మనం పరీక్ష ముందురోజు రాత్రి చదివేది ప్రామాణిక గ్రంథాన్నా, ఇరవై పేజీల గైడునా? ఆ సంగతి ఫ్యూల్నర్‌కు తెలుసు.

ఇంకో సంగతి. బ్రూకింగ్స్‌లో ఇద్దరు పరిశోధకులు ఒకే విషయం మీద ఎదురెదురుగా రాసుకోవచ్చు. హెరిటేజ్‌లో అలా కుదరదు. ఒక విషయంమీద సంస్థ ఒక నిర్ణయానికి వచ్చిన తర్వాత అందరిదీ ఒకే గొంతు అన్నది వాళ్ళు దాచుకోని నియమం. ప్రచారానికి ఇది బలం. పరిశోధనకు బలహీనత అని నేనంటాను. జవాబు ముందే తెలిసిన లెక్క చేయడం లెక్క చేయడం కాదు.

పెద్ద దాతలు నలుగురైదుగురి మీదే ఆధారపడితే వాళ్ళు చెప్పినట్టు ఆడాలి. ఫ్యూల్నర్ తపాలా ద్వారా దేశమంతటా లక్షలాది మందికి ఉత్తరాలు రాయించి పదీ ఇరవై డాలర్ల చందాలు పోగుచేశాడు. తొమ్మండుగురు ఉద్యోగులతో చేతికొచ్చిన సంస్థ ఆయన దిగిపోయేనాటికి ఏడాదికి సుమారు 8 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టే స్థాయికి వచ్చింది. ఈ చిన్న చందాలకు ఇంకో ముఖం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

పలుకుబడి అనే మాటకు అర్థం తెలియాలంటే 1980 చూడాలి. రొనాల్డ్ రీగన్ ఆ నవంబరులో గెలిచాడు. గెలిచిన కొద్దిరోజులకే అతని బృందం చేతిలో హెరిటేజ్ ఒక బండెడు కాగితాలు పెట్టింది. "మేండేట్ ఫర్ లీడర్‌షిప్" అని పేరు. 1981 జనవరిలో వెయ్యిపై చిలుకు పేజీల పుస్తకంగా అచ్చయింది. ఏ శాఖలో ఏం మార్చాలి, ఏ ఉత్తర్వు రద్దుచేయాలి, ఏ పద్దు కోయాలి అంటూ సుమారు 2,000 సిఫార్సులు. రీగన్ తన మంత్రివర్గ సభ్యులకు ఆ ప్రతులు పంచాడు. మొదటి సంవత్సరం తిరిగేసరికి వాటిలో అరవై శాతం దాకా అమలయ్యాయి, లేదా మొదలయ్యాయి అని హెరిటేజ్ ప్రకటించుకుంది. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుని మార్కులు వేసుకున్న లెక్క ఇది, అంచేత ఆ అంకెను నేను ఉప్పు అద్దుకునే తింటాను. పన్నులు తగ్గిస్తానని, సైనిక వ్యయం పెంచుతానని రీగన్ పుస్తకం రాకముందే ఊరూరా చెప్పి ఓట్లడిగాడు. అవి కూడా పుస్తకం ఖాతాలో వేసుకుంటే ఎలా?

అయితే ఆ పుస్తకం వట్టిదే అని తీసిపారేయడమూ పొరపాటే. ఇక్కడ మనకు, వాళ్ళకు ఉన్న ఒక తేడా గమనించాలి. మనదేశంలో ప్రభుత్వం మారితే మంత్రులు మారతారు, ఐ.ఏ.ఎస్. అధికారులు బదిలీలవుతారు తప్ప ఇళ్ళకు పోరు. ఏ ఫైలు ఎక్కడుందో తెలిసిన మనిషి సచివాలయంలో ఎప్పుడూ ఉంటాడు. అమెరికాలో అలా కాదు. కొత్త అధ్యక్షుడు వచ్చాడంటే సుమారు 4,000 పదవులలో తన మనుషుల్ని నింపుకోవాలి. వాటిలో వెయ్యికి పైగా సెనేటు ఆమోదం కావలసినవి. నవంబరు తొలివారంలో గెలిచినవాడు జనవరి 20కి సిద్ధంగా ఉండాలి. అంతమంది మనుషులెక్కడ దొరుకుతారు? కొత్తగా వచ్చినవాడు మొదటి సోమవారం పొద్దున ఏ కాగితం తీయాలో ఎవరు చెబుతారు? ఈ ఖాళీలోనే హెరిటేజ్ ప్రవేశించింది. కాగితంతోపాటు మనుషుల జాబితా కూడా ఇచ్చింది. విధానం అంటే మనుషులే అన్న సూత్రం ఆనాటి రీగన్ శిబిరంలో అందరి నోటా నలిగింది. అలా లోపలికి పోయినవాళ్ళు, పదవీకాలం అయ్యాక తిరిగి హెరిటేజ్‌కు వచ్చేవారు. రీగన్‌కు అతి సన్నిహితుడు, అటార్నీ జనరల్‌గా చేసిన ఎడ్విన్ మీస్ 1988లో ప్రభుత్వం వదలగానే చేరింది అక్కడే. మన దక్షిణాసియా వ్యవహారాలలోనూ ఈ రాకపోకలు కనిపిస్తాయి. 2006 నుంచి హెరిటేజ్‌లో దక్షిణాసియా నిపుణురాలిగా ఉన్న లిసా కర్టిస్ 2017లో వైట్‌హౌస్ జాతీయ భద్రతా మండలిలో భారత, పాకిస్తాన్‌ల వ్యవహారాలు చూసే పదవికి వెళ్ళారు.

రీగన్ కాలంలో కాగితం ముందు వెళ్ళిన సందర్భాలు కొన్ని నిజంగానే ఉన్నాయి. మాజీ సేనాని డేనియల్ గ్రాహం అంతరిక్షంలో క్షిపణి రక్షణ గురించి రాసిన "హై ఫ్రాంటియర్"ను హెరిటేజ్ 1982లో ప్రచురించింది. 1983 మార్చి 23న రీగన్ ఆ బాటలోనే తన ప్రసిద్ధ ప్రకటన చేశాడు, పత్రికలు దానికి "స్టార్‌వార్స్" అని పేరు పెట్టాయి. సలహా ఇచ్చింది గ్రాహం ఒక్కడే కాదన్న మాట కూడా చెప్పాలి. ఇక యునెస్కో సంగతి. వార్తల ప్రవాహం ధనిక దేశాల చేతుల్లో ఉందని, దాన్ని సరిదిద్దాలని మనలాంటి అలీన దేశాలు అడుగుతున్న రోజులవి. యునెస్కో నుంచి అమెరికా తప్పుకోవాలని హెరిటేజ్ వరుసగా పత్రాలు వెలువరించింది. 1984 చివర అమెరికా తప్పుకుంది. 2003లో తిరిగి చేరింది, 2018 చివర మళ్ళీ పోయింది, 2023లో మళ్ళీ వచ్చింది, 2025 జూలైలో మళ్ళీ పోతున్నానంది. అత్తారింటికీ పుట్టింటికీ మధ్య తిరిగినట్టుంది కథ.

నేను వెతికినవాటిలో నన్ను బాగా ఆలోచింపజేసింది ఆరోగ్య బీమా విషయం. 1989లో హెరిటేజ్ పరిశోధకుడు స్టూవర్ట్ బట్లర్ ఒక ప్రతిపాదన చేశాడు. ప్రతి కుటుంబమూ తప్పనిసరిగా పెద్ద జబ్బులకు బీమా తీసుకోవాలని, బీదవారికి ప్రభుత్వం సాయం చేయాలని అందులో ఉంది. అందరికీ ప్రభుత్వమే బీమా ఇవ్వాలన్న డెమొక్రాట్ల వాదానికి పోటీగా వచ్చిన ఆలోచన అది. 2006లో మసాచుసెట్స్ గవర్నరు మిట్ రామ్నీ, రిపబ్లికనే, తప్పనిసరి బీమా చట్టం చేశాడు. హెరిటేజ్ వాళ్ళూ ఆ చట్ట రూపకల్పనలో సలహాలిచ్చారు. 2010లో ఒబామా దేశమంతటికీ అలాంటి నిబంధనతోనే చట్టం తెచ్చాడు. అప్పుడేమైంది? హెరిటేజ్ దానికి బద్ధశత్రువైంది, ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని వాదించింది. తన పాత అభిప్రాయం మార్చుకున్నానని, తాను చెప్పినదీ ఇదీ ఒకటి కాదని బట్లర్ పత్రికలో సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది. 2012లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురి తేడాతో ఆ నిబంధనను నిలబెట్టింది. బట్లర్ 2014లో బ్రూకింగ్స్‌కు వెళ్ళిపోయాడు.

దీన్ని ద్వంద్వనీతి అని ఒక్కమాటలో కొట్టిపారేయవచ్చు. నా మొదటి పత్రంలో అలాగే చేశాను. ఇప్పుడు వేరుగా తోస్తోంది. ఒక సంస్థ కన్న ఆలోచన ఇరవై ఏళ్ళ తర్వాత దేశానికి చట్టమైంది. ఏ పరిశోధన సంస్థకైనా అంతకన్నా విజయం ఏముంటుంది? కానీ హెరిటేజ్ ఆ విజయాన్ని తనదని చెప్పుకోలేకపోయింది, ఎందుకంటే ఎదుటిపక్షం చేతిమీదుగా వచ్చింది. అంటే అప్పటికే ఆ సంస్థకు ఆలోచన గెలవడం కన్నా పక్షం గెలవడం ముఖ్యమైపోయింది. చిన్న చందాల రెండో ముఖం ఇదే. పది డాలర్లు పంపే లక్షలమంది కోపంగా ఉన్నప్పుడు వాళ్ళ కోపానికి ఎదురు రాసే కాగితం సంస్థకు గిట్టదు.

2010లో హెరిటేజ్ యాక్షన్ అనే అనుబంధ సంస్థ పెట్టారు. మాతృసంస్థకు పన్ను మినహాయింపు ఉన్నందువల్ల ఫలానా బిల్లుకు ఓటెయ్యండి అంటూ ఒత్తిడి చేయడానికి పరిమితులుంటాయి. ఈ కొత్తదానికి ఆ చిక్కు తక్కువ. సభ్యులు వేసిన ఓట్లన్నిటికీ మార్కులు వేసి జాబితా ప్రకటించడం దాని పని. 2013లో దక్షిణ కరోలినా సెనేటరు జిమ్ డిమింట్ సెనేటు పదవి వదులుకుని హెరిటేజ్ అధ్యక్షుడయ్యాడు. ఒక సెనేటరు శాసనసభకన్నా థింక్‌టాంకులోనే ఎక్కువ చేయవచ్చనుకున్నాడంటే పలుకుబడి ఎక్కడికి చేరిందో ఊహించుకోండి. ఆ ఆగస్టులో ఊరూరా సభలు పెట్టి, ఒబామా బీమా చట్టానికి నిధులు ఆపితే తప్ప బడ్జెటు పాస్ చేయవద్దని సభ్యుల మెడమీద కూర్చున్నారు. అక్టోబరులో పదహారు రోజులు ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డాయి. చట్టం మాత్రం చెక్కుచెదరలేదు. సంప్రదాయవాద రిపబ్లికన్ సభ్యుల బృందం ఒకటి తమ వారపు సమావేశాలకు హెరిటేజ్ ఉద్యోగులు రాకూడదని తలుపులు మూసింది. 1973లో ఆ బృందాన్ని నిలబెట్టినవారిలో ఫ్యూల్నర్ ఒకడు! చేతికి కాగితం అందించినంతకాలం తలుపు తీసే ఉంది. చేతిలోకి బెత్తం రాగానే మూతపడింది.

2017 మేలో ధర్మకర్తల మండలి డిమింట్‌ను తొలగించింది. ఫ్యూల్నర్ కొన్నాళ్ళు మళ్ళీ బండి లాగాడు. 2018 నుంచి 2021 వరకు కే కోల్స్ జేమ్స్ అధ్యక్షురాలు. ఆ పదవికి వచ్చిన మొదటి నల్లజాతి మహిళ ఆమె. 2021 డిసెంబరులో కెవిన్ రాబర్ట్స్ వచ్చాడు. చరిత్రలో డాక్టరేటు, ఒక చిన్న కేథలిక్ కళాశాలకు అధ్యక్షత, ఆ తర్వాత టెక్సాస్‌లో ఇలాంటిదే ఒక సంస్థ నాయకత్వం – ఇదీ ఆయన పూర్వరంగం. ఆయన చేతిలో సంస్థ దిశ మారింది. రీగన్ కాలంలో అఫ్ఘాన్ ముజాహిదీన్‌లకు, అంగోలాలో సవింబికి సాయం చేయాలని గట్టిగా వాదించిన సంస్థే, 2022 మేలో ఉక్రెయిన్‌కు 4,000 కోట్ల డాలర్ల సాయాన్ని వ్యతిరేకించమని సభ్యులకు చెప్పింది.

ఇక ప్రాజెక్టు 2025. దానికి నాలుగు కాళ్ళు: 2023 ఏప్రిల్‌లో వచ్చిన 900 పేజీల పైబడిన విధాన గ్రంథం, ఉద్యోగాలకు పనికివచ్చేవారి జాబితా, వారికి శిక్షణ, మొదటి 180 రోజుల కార్యక్రమం. గ్రంథం పేరు మళ్ళీ "మేండేట్ ఫర్ లీడర్‌షిప్". 1980 నాటి కిటుకే, బాగా పెద్ద ఎత్తున. ఎన్నికల్లో ఈ పుస్తకం ప్రత్యర్థుల చేతిలో ఆయుధమయ్యేసరికి, 2024 జూలైలో ట్రంప్ తనకు దాంతో సంబంధమే లేదన్నాడు. ఆ నెలాఖరుకు ప్రాజెక్టు సంచాలకుడు పాల్ డాన్స్ తప్పుకున్నాడు. నవంబరులో ట్రంప్ గెలిచాడు. అధ్యక్ష కార్యాలయం గురించి అధ్యాయం రాసిన రస్సెల్ వోట్ బడ్జెటు కార్యాలయం అధిపతి అయ్యాడు. ప్రసారాల నియంత్రణ మీద రాసిన బ్రెండన్ కార్ అదే నియంత్రణ సంస్థకు ఛైర్మన్ అయ్యాడు. వాణిజ్యం మీద రాసిన పీటర్ నవారో వైట్‌హౌస్‌లో సలహాదారయ్యాడు. పుస్తకాన్ని కాదన్నా రాసినవాళ్ళను కాదనలేదు. సుమారు 50,000 ప్రభుత్వోద్యోగాలను సులభంగా తొలగించగల వర్గంలోకి మార్చే పని 2025లో మళ్ళీ మొదలైంది. పుస్తకం కోరినదే అది.

మళ్ళీ, అని ఎందుకన్నాను? ఆ ఉత్తర్వును ట్రంప్ మొదటిసారి ఇచ్చింది 2020 అక్టోబరులో. పుస్తకం వచ్చింది 2023లో. బైడెన్ రద్దుచేసినదాన్ని తిరిగి పెట్టమని పుస్తకం కోరింది. మాష్టారి ఎర్రసిరా నాకిక్కడే అర్థమైంది. 1981లో కాగితం పాలకుడికి దారి చూపడానికి ప్రయత్నించింది. 2023లో కాగితం పాలకుడి మనసు చదివి, అతను మళ్ళీ వచ్చేలోగా అతని మాటల్నే పద్ధతిగా, పేజీల వారీగా సిద్ధంచేసి ఉంచింది. వాణిజ్యం మీద ఆ పుస్తకంలో రెండు అధ్యాయాలున్నాయి. ఒకటి సుంకాలు పెంచమంటుంది, ఇంకొకటి స్వేచ్ఛావాణిజ్యమే మంచిదంటుంది. ఒకే గొంతు నియమమున్న సంస్థ ఇలా రెండు గొంతులతో మాట్లాడింది. ఆచరణలోకి వచ్చింది ఏది? ట్రంప్‌కు ముందునుంచీ ఇష్టమైనదే. విదేశీ సాయం చూసే సంస్థను కుదించమని, సంస్కరించమని పుస్తకం చెప్పింది. ప్రభుత్వం 2025 జూలై నాటికి దాన్ని దాదాపు మూసేసింది. కాగితం రాసినవాడికన్నా పాలకుడు ముందుకు పోయాడు.

హెచ్-1బి సంగతి కూడా అంతే. స్వదేశ భద్రత శాఖ మీది అధ్యాయంలో ఉంది. ఈ వీసాను అత్యధిక జీతాలు పొందే మేటి నిపుణులకు మాత్రమే దక్కేలా మార్చాలని, అమెరికా ఉద్యోగులకు నష్టం రాకూడదని క్లుప్తంగా రాశారు. లక్ష డాలర్ల ప్రస్తావన అక్కడ లేదు. వీసాలు మేటి నిపుణులకు, ఎక్కువ జీతాలవారికే ఇవ్వాలన్న మాట కూడా పుస్తకం కనిపెట్టింది కాదు. 2017 ఏప్రిల్‌లోనే ట్రంప్ తన ఉత్తర్వులో అన్నాడు. అంచేత మా అన్నయ్య పండగ పాడుచేసింది హెరిటేజేనని నేనిప్పుడు ప్రమాణం చేసి చెప్పలేను. చెప్పలేకపోవడం నాకేమంత సంతోషంగా లేదు. ఒక తలుపు మీద కొట్టాలనుకున్న మనిషికి ఆ ఇంట్లో ఎవరూ లేరని తెలిసినట్టుంది.

అధికారానికి అంత దగ్గరగా పోయిన సంస్థకు లోపల ఏమవుతుందో కూడా 2025 చివరి నెలల్లో కనిపించింది. యూదు ద్వేషానికి పేరుమోసిన నిక్ ఫ్యూయెంటెస్‌ను టీవీ వ్యాఖ్యాత టకర్ కార్ల్‌సన్ ఇంటర్వ్యూ చేశాడు. అక్టోబరు 30న రాబర్ట్స్ ఒక వీడియోలో కార్ల్‌సన్‌ను వెనకేసుకొచ్చాడు. సొంత ఉద్యోగులే తిరగబడ్డారు. ఆయన తర్వాత క్షమాపణ చెప్పినా, ప్రిన్స్‌టన్ ఆచార్యుడు రాబర్ట్ జార్జ్ నవంబరులో ధర్మకర్తల మండలికి రాజీనామా ఇచ్చాడు. డిసెంబరులో పరిశోధకులు గుంపుగా మాజీ ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ పెట్టిన సంస్థలోకి వెళ్ళిపోయారు. రీగన్ నాటి సిద్ధాంతాలు మాతోనే ఉన్నాయి, భవనం మాత్రం వాళ్ళ దగ్గరుంది అన్నట్టు సాగింది వాళ్ళ వాదన. ఫ్యూల్నర్ ఈ రభస చూడలేదు. ఆయన 2025 జూలై 18న చనిపోయాడు.

కొత్త పత్రం మాష్టారికి ఇచ్చాను. మొదటి వాక్యాన్ని "హెరిటేజ్ ఫౌండేషన్ అమెరికాను పాలించదు; పాలించబోయేవాడు తలుపు తెరిచే వేళకు కాగితమూ మనుషులూ పట్టుకుని గడపలో నిలబడి ఉంటుంది" అని మార్చాను. ఈసారి ఎర్రసిరా గీత పడలేదు. "ఏమయ్యా, మరి మన తరఫున ఆ గడపలో ఎవరైనా నిలబడ్డారా?" అని మాత్రం అడిగారు. జవాబు చెప్పలేదు నేను.

ఆ రాత్రి అన్నయ్యకు ఫోన్ చేసి పుస్తకంలోని ఆ ముక్క చదివి అర్థం చెప్పాను. "ఇంతేనా?" అన్నాడు. ఇంతే అన్నాను. కాసేపు ఊరుకుని, "ఒరేయ్, వచ్చే దసరాకి వస్తానని అమ్మకి అప్పుడే చెప్పకు" అన్నాడు.